ఉతికిన డాలర్లు

రంగూన్‌లోని కెమ్మెండైన్ పేటలో ఎవరింట్లోనైనా డాలరు నోటు మీద మరక పడితే, ముందు ఆ మరక చేసినవాణ్ని తిట్టి, తరవాత సాన్ యీ గది తలుపు తట్టేవాళ్లు. సాన్ యీకి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఖిన్ లే ఇంటి వెనక, వంటింటికి ఆనుకుని ఉన్న గదిలో అద్దెకుండేది. పగలంతా ఊళ్లో ఒక హోటల్లో దుప్పట్లు, దిండు గలేబులు ఇస్త్రీ చేసేది. సాయంత్రం వచ్చి, స్నానం చేసి, బుగ్గలకు తనకా చెక్క గంధం పూసుకుని, కిటికీ కింద చిన్న బల్ల వేసుకుని కూర్చునేది. అప్పటికే గుమ్మంలో ఎవరో ఒకరు రెండు అట్టముక్కల మధ్య ఒక నోటు పెట్టుకుని, పురిటిపిల్లను తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు.

రంగూన్‌లో డాలరు పాటించే మడి అంతా ఇంతా కాదు. మధ్యలో మడత ఉందా, మార్చేవాడు ధర తగ్గిస్తాడు. మూల విరిగిందా, ఇంకా తగ్గిస్తాడు. సిరా చుక్కో, చెమట మరకో కనిపించిందంటే చేత్తో ముట్టుకోకుండా పెన్నుతోనే నోటును వెనక్కి తోసేస్తాడు. అందుకే ఇళ్లలో డాలర్లను పిల్లల అట్లాసు పుస్తకంలో పడుకోబెట్టి, ఆ పుస్తకాన్ని పరుపు కింద దాస్తారు. తడిచేత్తో ముట్టుకున్న కోడళ్లు మాటలు పడతారు.

సాన్ యీ ముందు రబ్బరు ముక్కతో మరక మీద మెల్లగా రుద్దేది. పోకపోతే హోటల్ నుంచి తెచ్చుకున్న పొడిని చిటికెడు గోరువెచ్చని నీళ్లలో కలిపి, దూదితో అద్దేది. అది దుప్పట్లకు తెల్లదనం తెచ్చే పొడి. కూర మరకలూ కాటుక మరకలూ పడ్డ దుప్పట్లను మర్నాటికి పాలనురుగులా చేసేది ఆ పొడే. మొండి మరకైతే నోటును పళ్లెంలో ఆ నీళ్లలోనే పడుకోబెట్టేది. తరవాత పాత గుడ్డ మడతల మధ్య ఆరనిచ్చి, పలుచటి గంజి అద్ది, ఇస్త్రీపెట్టెను చెంప దగ్గర పెట్టి వేడి చూసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కేది. నోటు అప్పుడే అచ్చయినట్టు లేచేది.

ఒకసారి వీధి చివరి ఇంటాయన నోటు మీది పెద్దమనిషి బొమ్మకు మనవడు పెన్నుతో మీసాలు గీశాడు. ఆయన దాదాపు ఏడుస్తూ వచ్చాడు. సాన్ యీ ఆ మీసాలు తీసేసింది. ఓడరేవులో గుమాస్తా పనిచేసి రిటైరైన బా చిట్ అరుగు మీద కూర్చుని, కిళ్లీ నములుతూ అన్నాడు, "మా ఆవిడ ఇరవై ఏళ్లుగా చెప్తున్నా నేను మీసాలు తియ్యలేదు. ఆయన రెండు పూటల్లో తీయించుకున్నాడు. డాక్టరమ్మ హస్తవాసి అలాంటిది." అప్పట్నుంచి పేటంతా ఆవిణ్ని నోట్ల డాక్టరమ్మ అనడం మొదలుపెట్టింది.

హోటల్లో ఆవిడ పేరు చాలామందికి తెలీదు. ఇస్త్రీ గది అని పిలిచేవాళ్లు. 'ఇస్త్రీ గదికి చెప్పండి', 'ఇస్త్రీ గది ఇంకా పంపలేదు' అనేవాళ్లు. ఇక్కడ మాత్రం ఆవిడ బల్ల ముందు జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఆవిడ నోటును వెలుతురుకు ఎత్తి చూస్తుంటే ఏం చెప్తుందోనని ముఖంలోకే చూసేవాళ్లు. నోటుకు కొంత పుచ్చుకునేది. అందులోంచి ఖర్చు పెట్టకుండా ఏళ్ల తరబడి దాచుకుంది.

ఆ ఏడు విమానం టికెట్లు చవకయ్యాయి. బస్సు టికెట్లు అమ్మే ప్యే సోన్ బాంకాక్ యాత్రలు మొదలుపెట్టాడు. టికెట్టూ, హోటలు గదీ మన బర్మా డబ్బు చ్యాట్లలో ఇక్కడే కట్టెయ్యొచ్చు. తిండికీ, తిరగడానికీ, కొనుక్కోడానికీ ఎవరి డాలర్లు వాళ్లే తెచ్చుకోవాలి. హద్దు దాటితే మన డబ్బు చిత్తుకాగితం. కార్డులంటే కెమ్మెండైన్‌లో ఎవరి దగ్గరా లేవు. చేతిలో నోటు ఉంటేనే అక్కడ అన్నం.

ఖిన్ లే మొదటే పేరిచ్చింది. ఆవిడకు ఆడవాళ్లూ మగవాళ్లూ కట్టే లుంగీ గుడ్డల కొట్టుంది. బాంకాక్ ప్రతూనామ్ బజారులో బట్ట చవకగా తెచ్చి ఇక్కడ పెళ్లివాళ్లకు అమ్మాలని ఆలోచన. అప్పటికే ఒక పెళ్లివాళ్ల దగ్గర బయానా పుచ్చుకుంది కూడా.

"నువ్వూ రా అక్కా," అంది సాన్ యీతో. "జీవితమంతా ఎవరో పడుకున్న దుప్పట్లే ఉతుకుతావా? నాలుగు రోజులు నువ్వు పడుకో, ఎవరో ఉతుకుతారు."

సాన్ యీ నవ్వేసింది గానీ ఆ మాట ఆవిడ మనసులో ఉన్నదే. ముప్ఫై ఏళ్లుగా హోటల్లో పనిచేస్తోంది, ఒక్కసారి కూడా హోటల్లో పడుకోలేదు. ఒక గది తాళంచెవి చేతిలో పెట్టి ఎవరైనా తనను 'మేడమ్' అంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఎవరికీ చెప్పలేదు. దాచుకున్నది తీసి టికెట్టుకు కట్టింది.

ఉపాయం చెప్పింది కూడా ఖిన్ లేనే. "కొత్త నోట్లకు కొత్త ధర పెట్టడం దేనికి? మచ్చల నోట్లు సగం సగం ధరకు తీసుకోమని అడుక్కుంటున్నారు బయట. అవి కొందాం. డాక్టరు ఇంట్లో ఉండగా మనకేం భయం?"

"సగానికి ఎవడిస్తాడు చెల్లెమ్మా? పదోవంతు తగ్గిస్తారేమో."

"పదోవంతయితే మాత్రం చేదా? అక్కడ రెండు తాన్ల బట్టొస్తుంది."

మాట పేటలో పాకింది. యాత్రకు వెళ్లే ఎనిమిది మందిలో ఏడుగురు మచ్చల నోట్లే కొన్నారు. సాన్ యీ కూడా తన మిగులంతా పెట్టి అవే కొంది. అందరివీ తనే శుభ్రం చేసింది. తోటి యాత్రికుల దగ్గర కూలి పుచ్చుకోవడం బాగుండదని పైసా తీసుకోలేదు. ఎక్కువ నోట్లు, తక్కువ సమయం. ఒక్కో మరకనూ దూదితో అద్దుతూ కూర్చుంటే తెమలదని అన్నిటినీ పళ్లెంలోనే వేసింది. పొడి కాస్త ఎక్కువే వేసింది.

ఎనిమిదో మనిషి బా చిట్. ఆయన చివరిదాకా నాన్చి, బయల్దేరే ముందు నదీతీరంలో ఎవడో పడవవాడి దగ్గర నాలుగు నోట్లు కొన్నాడు. వాటిని నాలుగు మడతలు పెట్టి, కిళ్లీ పొట్లంతో పాటు చొక్కా జేబులో పెట్టాడు.

"అయ్యో, మడతపెట్టాడు చూడండి!" ఖిన్ లే గుండెల మీద చెయ్యేసుకుంది. "కిళ్లీ ఎరుపు కూడా అంటింది. అన్నా, అవి అక్కడ ఎవడు తీసుకుంటాడు?"

సాన్ యీ చెయ్యి చాచింది. "ఇటివ్వండి అన్నా. రేపటికిస్తాను."

"వద్దులే డాక్టరమ్మా. రేపో ఎల్లుండో ఖర్చయిపోయేవాటికి స్నానాలూ అలంకారాలూ ఎందుకు?"

"అక్కడ అన్నానికి మా దగ్గరికి రావద్దు మరి," అంది ఖిన్ లే.

"వస్తాను. నువ్వు పెట్టకపోతే నీ పక్కన కూర్చుని ఏడుస్తాను."

బా చిట్‌వి తప్ప అందరి డాలర్లూ సాన్ యీ చేతికే వచ్చాయి. నోటు మడత పడకుండా తీసుకెళ్లడం ఆవిడకే తెలుసన్నారు. ఒక గట్టి ప్లాస్టిక్ ఫైలు కొని, ఎవరి పేరు వాళ్ల కవరు మీద రాసి అందులో పరిచింది. విమానంలో ఆ ఫైలును ఒళ్లో నిలువునా కాకుండా అడ్డంగా పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఉంచుకుని కూర్చుంది. భోజనం తెచ్చిన అమ్మాయి పళ్లెం దించబోతే వద్దంది.

"తినవే అక్కా, డబ్బులిచ్చాం కదా," అంది ఖిన్ లే.

"పులుసు ఒలికితే?"

"నిజమే, తినకు," అంది ఖిన్ లే వెంటనే, తన పళ్లెం తెరుచుకుంటూ.

హోటలు చిన్నది. గది తాళంచెవికి బదులు అట్టముక్కలాంటిదేదో ఇచ్చారు. అయినా కౌంటరు కుర్రాడు చేతులు జోడించి ఏదో అన్నాడు. ప్యే సోన్ నవ్వుతూ, "గదిలో ఏం కావాలన్నా అడగమంటున్నాడు పిన్నీ," అన్నాడు. సాన్ యీకి ఏం అడగాలో తోచలేదు. గదిలోకి వెళ్లి దుప్పటి అంచు ఎత్తి చూసింది. ఇస్త్రీ బాగుంది. మూలలు తనకంటే బాగా మడిచారు. చెప్పులు విప్పి కాసేపు దాని మీద వెల్లకిలా పడుకుంది. ఆ యాత్రలో ఆవిడకు దక్కింది ఆ కాసేపే.

భోజనానికి ముందు డబ్బు మార్చుకుందామని అందరూ ప్రతూనామ్ బజారుకు వెళ్లారు. గాజు కిటికీ వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఖిన్ లే కవరు పెద్దది కాబట్టి అదే ముందు తీశారు. సాన్ యీ నోట్లను ఒకదాని మీద ఒకటి సర్ది, అంచులు కలిపి, రెండు చేతులతో గాజు కింద నుంచి అందించింది. ఆ అమ్మాయి వాటిని చూసి ముచ్చటపడుతుందనుకుంది.

అమ్మాయి మొదటి నోటు తీసి, పక్కనున్న చిన్న డబ్బాలో ఊదారంగు దీపం కింద పెట్టింది. నోటంతా ఒక్కసారిగా నీలంగా, తెల్లగా వెలిగింది. అమ్మాయి రెండోది పెట్టింది. అదీ వెలిగింది. మూడోది, నాలుగోది, అన్నీ. అమ్మాయి ముఖంలో మర్యాద మాయమైంది. లోపలికి కేకేసింది. కళ్లద్దాల ఆయన వచ్చి, నోట్లను వేలికొసలతో పట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూసి, ప్యే సోన్‌తో గబగబా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది ఖిన్ లే.

ప్యే సోన్ ఒకసారి వెనక్కి చూసుకుని చెప్పాడు. "దొంగనోట్లంటున్నాడు పిన్నీ."

"వాడి నాలుక పడ! నా కళ్లతో చూసి కొన్నానవి. చెప్పు వాడికి!"

"అసలు డాలరు ఆ దీపం కింద నల్లగా ఉండాలట. ఒక్క సన్నటి గీత మాత్రమే మెరవాలట. ఇవి మొత్తం మెరుస్తున్నాయి."

బా చిట్ జేబులోంచి తన మడతల నోటు తీసి, మోకాలి మీద సాపు చేసి, గాజు కిందకు తోశాడు. "ఇది చూడమను, పోనీ."

కిళ్లీ ఎరుపు అంటిన ఆ నోటు దీపం కింద నల్లగా, చచ్చిన ఆకులా పడి ఉంది. దాని మధ్య ఒక సన్నటి గీత మాత్రం మెరిసింది. అమ్మాయి వాళ్ల బాట్ల నోట్లు లెక్కపెట్టి ఆయన ముందు పెట్టింది.

ఖిన్ లే నోరు తెరుచుకుని చూస్తోంది. ప్యే సోన్ బతిమాలుతూ గాజు కిందకు చెయ్యి పెట్టాడు. అతని తెల్లచొక్కా మణికట్టు అంచు దీపం వెలుగులోకి వెళ్లింది. ఆ అంచు కూడా నీలంగా, తెల్లగా వెలిగింది. అచ్చం నోట్లలాగే.

సాన్ యీ ఆ చొక్కా అంచునే చూస్తూ నిలబడింది. అప్పుడు ఊరుకుని ఉంటే తప్పంతా నోట్లు అమ్మినవాడి మీదికి పోయేది. ఆవిడకు ఆ సంగతి తోచలేదు.

"నా పొడి," అంది. "దుప్పట్లకు వేసే పొడి. బట్టలు ఉతికే పొడుల్లో ఉండేదీ అదే. నోట్లకు పట్టింది. నోట్లు మంచివే బాబూ, చెప్పు ఆయనకు, మంచివే, నేను ఉతికానంతే."

ప్యే సోన్ చెప్పాడు. కళ్లద్దాల ఆయన నవ్వలేదు. డబ్బును ఎవరైనా ఉతుకుతారా అని అడిగాడు. మంచివైనా కాకపోయినా తన దీపం ఒప్పుకోనిది తను తీసుకోనన్నాడు. ఇంకో రెండు చోట్లకు వెళ్లారు. రెండో చోట పోలీసు అన్న మాట వినిపించగానే ప్యే సోన్ నోట్లు లాక్కుని అందరినీ వీధిలోకి తరిమాడు.

"ఇంకెక్కడా బయటికి తియ్యకండి. స్టేషన్లో కూర్చోబెడితే విడిపించడానికి కూడా మన దగ్గర చెల్లే డబ్బు లేదు."

వీధిలో పుల్లల మీద మాంసం కాలుస్తున్న వాసన. విమానంలో తిన్నది ఎప్పుడో అరిగిపోయింది, సాన్ యీ అదీ తినలేదు. ఎవరూ ఎవరివైపూ చూడటం లేదు. చివరికి ఖిన్ లే అంది, నెమ్మదిగా:

"ముప్ఫై ఏళ్లుగా ఉతుకుతున్నావు కదా. ఏ పొడి ఏం చేస్తుందో తెలీదా?"

"దుప్పట్లను ఎవరూ దీపం కింద పెట్టలేదు చెల్లెమ్మా."

"చెల్లెమ్మా లేదు, ఏమీ లేదు. పెళ్లివాళ్ల బయానా నా నెత్తిన ఉంది. వాళ్లకేం చెప్పను? మా ఇంట్లో ఉన్న మహాతల్లి నా డబ్బుకు జాడించి గంజి పెట్టిందని చెప్పనా?"

"నువ్వే కదమ్మా మచ్చలవి కొందామన్నది," అన్నాడు బా చిట్.

"నువ్వు నోరు ముయ్యి అన్నా. నీది చెల్లింది కదా, తిను పో."

బా చిట్ తినలేదు, అందరికీ నూడుల్సు కొన్నాడు. తరవాత ఖిన్ లేకు బట్టకోసం కొంత అప్పుగా ఇచ్చాడు. రంగూన్‌లో కొన్న ధర కంటే ఎక్కువకు లెక్క కట్టే ఇచ్చాడు. "స్నేహం స్నేహమే, మారకం మారకమే," అని నవ్వాడు. ఆ డబ్బు ఒక తానుకు కూడా సరిపోలేదు. ఖిన్ లే దుకాణాల్లో బట్ట చేతిలోకి తీసుకుని, ధర అడిగి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేది.

మిగతా రోజులు యాత్ర పేరుకే. పడవ మీద నదిలో తిరగడం మానేశారు. సముద్రం చూపిస్తానన్న బస్సు వెళ్లిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఊరేసిన తేయాకు, ఎండు రొయ్యల వేపుడు, కొన్న ఉత్త అన్నంలో కలుపుకుని గదిలోనే తిన్నారు. తమతో వచ్చి పక్కగదిలో దిగిన కోడలుపిల్ల ఒకర్తె, సాన్ యీ వినేలా, "కనీసం ఆ నోట్లు చీకట్లో దీపానికైనా పనికొస్తాయి," అంది. మిగతావాళ్లు నవ్వారు. సాన్ యీ కూడా నవ్వబోయి మానేసింది.

పొద్దున హోటలు పనిమనిషి దుప్పటి మార్చడానికి వస్తే సాన్ యీ లేచి, తనకు తెలియకుండానే రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి పరిచారు. ఆ పనిమనిషి మేడమ్ అనలేదు. తమలో ఒకర్తెను చూసినట్టు చూసి, తల పంకించి వెళ్లిపోయింది.

తిరుగు విమానం దిగాక, సామాను కోసం నిలబడ్డప్పుడు ఖిన్ లే సాన్ యీ పక్కకొచ్చింది. బాంకాక్‌లో అరిచినంత కోపం ఇప్పుడు లేదు. అందుకే మాట ఇంకా గట్టిగా తగిలింది.

"చూడు సాన్ యీ. పేటలో నేను నీ పరువు తియ్యను. రేపు మధ్యాహ్నంలోగా నా డబ్బు డబ్బుగా నా చేతిలో పెట్టు. మిగతావాళ్లదీ పెట్టు. లేదా గది ఖాళీ చెయ్యి. మా మరిది కొడుకు అడుగుతున్నాడు గది కోసం."

"ఎక్కడికి వెళ్లను?"

"అది నోట్లు నీళ్లలో వేసేటప్పుడు ఆలోచించాల్సింది."

ఏడుగురి డాలర్లూ ఫైలులో అలాగే ఉన్నాయి. ఒక్క మడత లేదు. రంగూన్‌లో అవి మారితే అందరి డబ్బూ వెనక్కొస్తుంది. గది ఉంటుంది. పేటలో తల ఎత్తుకుని నడవొచ్చు. మారకపోతే తన జీవితంలో ఇంకో పదేళ్ల ఇస్త్రీ కూడా ఆ బాకీ తీర్చలేదు.

ప్యే సోన్ గొంతు తగ్గించి దారి చెప్పాడు. "బాంకులకు వెళ్లకు పిన్నీ. ఈ ఏడు వాళ్లూ దీపాలు పెట్టారు. పాన్సొడాన్ వీధి సందులో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన ఇంకా కంటితోనే చూస్తాడు."

మర్నాడు పొద్దున సాన్ యీ, ఖిన్ లే ఇద్దరూ వెళ్లారు. ఖిన్ లే ఎదురుగా కొబ్బరిబోండాల బండి దగ్గర గొడుగు నీడలో ఆగిపోయింది. "నేను రాను. ఏదైనా అయితే నేను నీకు తెలీదు," అంది.

ముసలాయన దుకాణంలో చెక్క కౌంటరు, ఒక ఫ్యాను, గోడకు బుద్ధుడి పటం ఉన్నాయి. సాన్ యీ కళ్లు ముందు దీపం డబ్బా కోసమే వెతికాయి. లేదు. ఫైలు తెరిచింది. ఆయన మొదటి నోటు తీసి కిటికీ వెలుతురుకు ఎత్తాడు. బొటనవేలితో అంచు నిమిరాడు. తిప్పి చూశాడు. ఫ్యాను గాలికి మిగతావి కదలకుండా సాన్ యీ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడ దొరికాయమ్మా ఇవి?" అన్నాడు ఆయన.

సాన్ యీ రెండో చెయ్యి కూడా నోట్ల మీద ఆనించింది.

"నిన్న అచ్చేసినట్టున్నాయి. ఈ మధ్య ఇంత శుభ్రమైనవి నా చేతికి రాలేదు." అన్నీ చూశాడు. ఒక్కటీ పక్కన పెట్టలేదు. "పై ధర ఇస్తాను. ఇలాంటివి ఇంకా ఉంటే వేరే ఎక్కడికీ పోకు, నా దగ్గరికే రా."

ఆయన బీరువా తెరిచి చ్యాట్ల కట్టలు తీసి కౌంటరు మీద పేర్చడం మొదలుపెట్టాడు. సాన్ యీ సంచి నోరు తెరిచి పట్టుకుంది. అప్పుడే ఒక జంట లోపలికి వచ్చింది. మొగుడూ పెళ్లాం ముప్ఫై లోపే ఉంటారు. స్కూలు మాస్టర్లలా ఉన్నారు, ఇద్దరివీ మాస్టర్లు కట్టే ఆకుపచ్చ లుంగీలు. మొగుడు రబ్బరు బ్యాండు వేసిన చ్యాట్ల కట్ట చంకలో పెట్టుకున్నాడు.

"డాలర్లు కావాలండీ," అంది ఆ అమ్మాయి. "రేపు బాంకాక్ వెళ్తున్నాం. సెలవులకు. మొదటిసారి. మంచివి చూసి ఇవ్వండి, మచ్చలుంటే అక్కడ ముట్టుకోరట కదా."

"నీ అదృష్టం తల్లీ," అన్నాడు ముసలాయన. ఇంకా సొరుగులో పెట్టని సాన్ యీ నోట్లను అలాగే వాళ్ల ముందుకు జరిపాడు. "చూడు. రంగూనంతా వెతికినా ఇంతకంటే శుభ్రమైనవి దొరకవు. ఈ అక్కగారు ఇప్పుడే తెచ్చారు."

అమ్మాయి చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఒక నోటును అంచు మాత్రమే పట్టుకుని ఎత్తింది. కళ్లు విప్పారాయి. సాన్ యీ వైపు తిరిగింది.

"అక్కా, మీరు వెళ్లొచ్చారా బాంకాక్?"

"నిన్ననే వచ్చాను," అంది సాన్ యీ. అబద్ధం ఆడాలని ఇంకా అనుకోలేదు.

"మేం టికెట్టుకు పోగా ఉన్నదంతా వీటికే పెడుతున్నాం. మా ఆయనకు భయం. ఇవి అక్కడ చెల్లుతాయా? ఏమీ అనరు కదా?"

ముసలాయన కట్టలు లెక్కపెడుతూనే ఉన్నాడు. సగం చ్యాట్లు సంచిలో ఉన్నాయి, సగం కౌంటరు మీద. కిటికీలోంచి ఖిన్ లే గొడుగు కనిపిస్తోంది. ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చెప్తే కట్టలు మళ్లీ బీరువాలోకి వెళ్తాయి.

"చెల్లుతాయి," అంది సాన్ యీ.

"అక్కడివాళ్లు ఎలా చూస్తారు? పట్టి పట్టి చూస్తారా?"

"మామూలుగానే చూస్తారు." సాన్ యీ సంచి నోరు దగ్గరికి లాక్కుంది. అమ్మాయి ఇంకా వింటూ నిలబడింది, ఇంకేదో జాగ్రత్త చెప్పమన్నట్టు. సాన్ యీ ఆ నోట్లనే చూస్తూ అంది, "మడత మాత్రం పెట్టకమ్మా."

"అయ్యో, పెడతానా!" అంది ఆ అమ్మాయి. మొగుడి వైపు చూసి నవ్వింది. "విన్నావా? మడత పెట్టొద్దంట."

సాన్ యీ మిగతా కట్టలు లెక్కపెట్టుకోకుండానే సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. ఖిన్ లే రోడ్డు దాటి ఎదురొచ్చి, గొడుగు ముడిచి, సంచి నోరు విప్పి లోపలికి చూసింది. ముఖం వికసించింది.

"అన్నీ తీసుకున్నాడా?"

"అన్నీ."

"ఏ ధరకు?"

"పై ధరకు."

ఖిన్ లే పెదాలతోనే లెక్క వేసుకుంది. మచ్చల ధరకు కొన్నవి మంచి ధరకు పోయాయి. పెళ్లివాళ్ల బయానా తిరిగి ఇచ్చేసినా, బా చిట్ అప్పు తీర్చినా ఇంకా కొంచెం మిగిలేలా ఉంది. సాన్ యీ మోచెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పలేదూ, నీ చేతిలో పడ్డ నోటుకు మన ఊళ్లో తిరుగులేదని? ఆ బాంకాక్ వాళ్లకేం తెలుసు! నిన్న ఏదో కోపంలో అన్నాను అక్కా, మనసులో పెట్టుకోకు. గదికేం? ఉంటున్నావు కదా, ఉండు."

సందులోంచి ఆ జంట బయటికి వచ్చింది. మొగుడు ముందు నడుస్తూ దారిన పోయేవాళ్లను చేత్తో పక్కకు జరుపుతున్నాడు. వెనక ఆ అమ్మాయి చేతిసంచిని చంకకు తగిలించుకోకుండా, రెండు అరచేతుల మీదా బల్లపరుపుగా పట్టుకుని నడుస్తోంది. సాన్ యీని చూసి, పెద్దవాళ్ల ముందు వంచినట్టు కొంచెం తల వంచి, నవ్వి వెళ్లిపోయింది.

"ఎవరు వాళ్లు?" అంది ఖిన్ లే.

"ఎవరో. రేపు బాంకాక్ వెళ్తున్నారట."

ఖిన్ లే ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. ఆ అమ్మాయి చేతుల్లోని సంచిని చూసింది, సాన్ యీని చూసింది. ఏదో అడగబోయి గొడుగు విప్పుకుంది.

"ఎండగా ఉంది, పద. మొహింగా తిందాం. నేనిస్తాలే డబ్బులు."

వీధి మలుపులో బల్లల మీద జనం కిటకిటలాడుతున్నారు. మొహింగా గిన్నెల్లో సేమ్యా మీద చేపల పులుసు పొగలు కక్కుతోంది. సాన్ యీ బాంకాక్‌లో ఒక్కపూట కూడా సరిగ్గా తినలేదు. గిన్నె ముందు పెట్టగానే తల వంచుకుని తినడం మొదలుపెట్టి, అడుగంటా తినేసింది. ఖిన్ లే ఇంకో గిన్నె చెప్పింది. సాన్ యీ వద్దనలేదు.